కౌన్సిల్‌కి ఉత్తరం రాసే ముందు

అమ్మలూ,

నిన్న ఫోనులో నీ గొంతు విన్న దగ్గర్నుంచీ మనసు మనసులో లేదు. బాబుకు ఏడేళ్లు. ఇంకా మాట రాలేదు. ఆటిజం అని తేలాక ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో నాకు తెలుసు. ఆఖరికి ఈహెచ్‌సీ (ఎడ్యుకేషన్, హెల్త్ అండ్ కేర్) ప్లాన్ చేతికొచ్చింది. అందులో వారానికి ఒక గంట స్పీచ్ థెరపీ అని రాసుంది, కానీ సెప్టెంబరు నుంచి ఆ థెరపిస్టు మొహం ఎవరూ చూడలేదు. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి అన్నీ రాసుకుని వెళ్లింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. స్కూలుకు టాక్సీ ఇవ్వబోమని తేల్చి చెప్పారు. ఇంత జరిగినా నువ్వు అడిగింది ఒక్కటే: "ఫిర్యాదు చేస్తే బాబుకేమైనా అవుతుందా పెద్దమ్మా?"

ఏమీ కాదు తల్లీ. చెయ్యి. చెయ్యకపోతేనే బాబుకు నష్టం. అయితే ఎవరికి చెయ్యాలో, ఏ మాటల్లో చెయ్యాలో తెలిసి చెయ్యి. నేను ఇంగ్లండులో స్పెషల్ స్కూల్లో టీచింగ్ అసిస్టెంటుగా ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన మనిషిని. ప్లాన్‌లో రాసిందానికీ పిల్లవాడికి అందేదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో రోజూ చూశాను. మన తెలుగు ఇళ్లలో ఆ దూరం మరీ ఎక్కువ. ఎందుకంటే మనం అడగడానికి సంకోచిస్తాం, ఒకసారి కాదంటే రెండోసారి అడగం.

ముందు నీ భయాల సంగతి చూద్దాం. అవి పోకుండా నువ్వు ఉత్తరం రాసినా అది సగం ఉత్తరమే అవుతుంది.

"వాళ్ల దేశంలో ఉంటూ వాళ్ల మీదే కంప్లెయింటా" అని మీ ఆయన అన్నాడట. నెలనెలా కౌన్సిల్ ట్యాక్స్ కడుతున్నది ఎవరు? ఇంకో సంగతి, చాలామంది మనవాళ్లకు తెలియనిది. మనది కామన్వెల్త్ దేశం కాబట్టి, ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులు బ్రిటిష్ పాస్‌పోర్టు లేకపోయినా ఓటు నమోదు చేసుకోవచ్చు. కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా. మీ వార్డు కౌన్సిలరు, మీ ఎంపీ మీకు కూడా జవాబుదారీలే. ఓటు ఉన్నా లేకపోయినా ఆ ప్రాంతంలో నివాసముంటే చాలు, వాళ్లు జనాన్ని కలిసే సర్జరీకి వెళ్లి గోడు చెప్పుకోవచ్చు. అతిథి ఇంట్లో కూర్చున్నట్టు ఒదిగి ఉండనక్కర్లేదు.

వీసా సంగతి. మీది ఇంకా స్కిల్డ్ వర్కర్ వీసాయే, ఐఎల్ఆర్ (శాశ్వత నివాసానుమతి) రాలేదు. మీ వీసాల మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని ఉంటుంది. దాని అర్థం జాగ్రత్తగా తెలుసుకో. బాబు పేరు మీద వచ్చే డిసెబిలిటీ లివింగ్ అలవెన్స్ ఆ పబ్లిక్ ఫండ్స్ జాబితాలో ఉంది, కాబట్టి దానికి ఇప్పుడు దరఖాస్తు పెట్టవద్దు. కానీ స్కూలు చదువు, ఈహెచ్‌సీ ప్లాన్, అందులోని థెరపీ, సోషల్ కేర్ వాళ్లు ఇచ్చే సాయం ఆ జాబితాలో లేవు. వాటిని అడగడం, అందకపోతే ఫిర్యాదు చెయ్యడం వీసాకు అడ్డం రాదు. ఈ రెంటినీ ఒకే గాట కట్టి మొత్తానికే మానేసిన కుటుంబాలను చూసి నా కడుపు తరుక్కుపోయింది. పిల్లవాడి విలువైన ఏళ్లు పోయాయి అక్కడ.

అసలు భయం ఇది కాదని నాకు తెలుసు. "సోషల్ సర్వీసెస్ వాళ్లతో పెట్టుకుంటే పిల్లాణ్ణి తీసుకుపోతారు" అన్నదే అసలు భయం. 2011లో నార్వేలో ఒక భారతీయ కుటుంబం పిల్లల్ని అధికారులు తీసుకువెళ్లిన సంగతి మన పేపర్లన్నిట్లో వచ్చింది. 2023లో దాని ఆధారంగా రాణీ ముఖర్జీ సినిమా వచ్చాక వాట్సాప్ గ్రూపుల్లో ఆ భయం మళ్లీ లేచింది. నీ భయాన్ని నేను తీసిపారెయ్యను. కానీ ఇంగ్లండు చట్టం ఏమంటుందో విను. 1989 చిల్డ్రన్ యాక్ట్‌లో 17వ సెక్షన్ అని ఒకటుంది. వైకల్యం ఉన్న ప్రతి బిడ్డా ఆ సెక్షన్ కింద సాయం అవసరమైన బిడ్డే. నువ్వు అడుగుతున్నది దాని కిందే. 47వ సెక్షన్ వేరు. బిడ్డకు తీవ్రమైన హాని జరుగుతోందని అనుమానించడానికి తగిన కారణం ఉన్నప్పుడు చేసే విచారణ అది. దాని కింద కూడా సోషల్ వర్కర్ తనంతట తాను బిడ్డను తీసుకుపోవడానికి వీల్లేదు, కోర్టు ఉత్తర్వు కావాలి. థెరపీ రాలేదని ఉత్తరం రాసిన తల్లి మీద అలాంటి విచారణకు కారణమేముంది?

అలాగని అంతా సవ్యంగా ఉందని కూడా చెప్పను. సాయం కోసం వచ్చిన తల్లిదండ్రులను అనుమానంతో చూసే అలవాటు ఇక్కడి వ్యవస్థలో ఉంది. లీడ్స్ విశ్వవిద్యాలయంలో లూక్ క్లెమెంట్స్, ఆనా లారా ఐయెల్లో 2021లో సెరెబ్రా అనే సంస్థతో కలిసి తెచ్చిన నివేదిక సరిగ్గా ఈ సంగతే చెప్పింది. వైకల్యమున్న పిల్లల కుటుంబాలకు సాయం లెక్కగట్టాల్సిన అసెస్‌మెంట్లు, తల్లిదండ్రుల పెంపకంలో లోపముందా అన్న వెతుకులాటతో మొదలవుతున్నాయని. కాబట్టి సోషల్ వర్కర్ ఇంటికొచ్చి పడకగది చూస్తానంటే కంగారుపడకు, చూపించు. బాబు రాత్రి ఎన్నిసార్లు లేస్తాడో, తలుపులకు గడియలు ఎందుకు పెట్టారో, తల గోడకేసి కొట్టుకున్నప్పుడు ఏం చేస్తారో నువ్వే ముందు చెప్పు, ఆ తర్వాత అదే విషయం ఈమెయిల్‌లో కూడా రాసిపెట్టు. దాచినట్టు కనిపించే ఇంటి మీదకే అనుమానం పోతుంది.

నలుగురికీ తెలుస్తుందేమో అని కూడా అన్నావు. కౌన్సిల్‌కి రాసిన ఫిర్యాదు బయటికి రాదు. కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే ఆంబడ్స్‌మన్ తన నిర్ణయాలను ప్రచురిస్తుంది కానీ కుటుంబం పేరు, పిల్లవాడి పేరు అందులో ఉండవు. మన అసోసియేషన్ ఉగాది సంబరాల్లో ఎవరైనా బాబును చూసి గుసగుసలాడితే, ఆ గుసగుస ఫిర్యాదు వల్ల వచ్చింది కాదు. అది మనవాళ్లలో మనం మార్చుకోవాల్సిన జబ్బు, దాని మీద ఇంకోసారి గట్టిగా మాట్లాడతాను. మీ అత్తగారు "వాళ్ల నాన్నకూ మాట ఆలస్యంగానే వచ్చింది" అంటే ఆవిడ మనసు నొప్పించకు. ప్రేమతోనే అంటోంది. కానీ ఆ మాట విని థెరపీ సంగతి వదిలెయ్యకు.

ఇప్పుడు ఉత్తరం దగ్గరికొద్దాం. మన ఊళ్లో అర్జీ ఎలా రాస్తారో మనకు తెలుసు. సోమవారం కలెక్టరాఫీసులో ప్రజావాణికి వెళ్లినా, ఎమ్మెల్యే ఇంటికెళ్లినా, తమరి దయతో మొదలుపెట్టి మా కుటుంబాన్ని ఆదుకోవాలని ముగిస్తాం. అక్కడ వైకల్యం ఉన్నవాళ్లకు సాయమంటే సదరం సర్టిఫికెట్టు, ఆ మీదట పెన్షను. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. ఆ పెన్షను ఎవరో ఇప్పించారన్న భావనే మనలో పాతుకుపోయింది. నీ ముసాయిదా చదివితే అదే కనిపించింది. రెండు పేజీల్లో నీ బాధ ఉంది, నీ కన్నీళ్లున్నాయి, "దయచేసి" అన్న మాట ప్రతి పేరాలో ఉంది. థెరపీ ఏ తేదీ నుంచి ఆగిపోయిందో ఎక్కడా లేదు.

నీ బాధ నిజం. కానీ ఆ ఉత్తరం చదివే ఆఫీసరుకు కావలసింది తేదీ, వాగ్దానం, లోపం, కోరిక. ఈ నాలుగూ ఉంటే ఒక పేజీ చాలు. నీ కేసులో ఇలా రాయవచ్చు: "ఇది ఫార్మల్ కంప్లెయింట్. మా అబ్బాయి తుది ప్లాన్ ఫలానా తేదీది. సెక్షన్ ఎఫ్‌లో వారానికి ఒక గంట స్పీచ్ అండ్ లాంగ్వేజ్ థెరపీ అని ఉంది. సెప్టెంబరులో స్కూలు తెరిచిన రోజు నుంచి ఇవాళ్టి వరకు ఒక్క గంట కూడా జరగలేదు. ఫలానా తేదీల్లో మీకు రాశాం, జవాబు రాలేదు. 2014 చిల్డ్రన్ అండ్ ఫామిలీస్ యాక్ట్ 42వ సెక్షన్ ప్రకారం ఇది అందించే బాధ్యత కౌన్సిల్‌ది. ఏ తేదీ నుంచి మొదలవుతుందో చెప్పండి. పోయిన గంటలను ఎలా పూరిస్తారో చెప్పండి." దీని ఇంగ్లీషు ఎంత సాదాగా ఉంటే అంత మంచిది. గ్రామరు గురించి బెంగ వద్దు. మొదటి వాక్యం మాత్రం వదలకు. "ఫార్మల్ కంప్లెయింట్" అని స్పష్టంగా రాయకపోతే దాన్ని మామూలు ఎంక్వైరీ కింద జమకట్టి పక్కన పెడతారు.

స్పీచ్ థెరపీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ కేస్ ఆఫీసరు నీకు తప్పుదారి చూపించాడు. "థెరపిస్టును పంపాల్సింది ఎన్‌హెచ్ఎస్, వాళ్ల దగ్గర మనుషులు లేరు, మేమేం చెయ్యలేం" అన్నాడన్నావు. ప్లాన్‌లో సెక్షన్ బి అంటే పిల్లవాడి అవసరాలు, ఎఫ్ అంటే వాటికి అందించాల్సిన ప్రత్యేక విద్యా సహాయం, ఐ అంటే స్కూలు పేరు. థెరపీ సెక్షన్ ఎఫ్‌లో ఉంటే దాన్ని అందేలా చూడాల్సిన బాధ్యత కౌన్సిల్‌దే. ఎన్‌హెచ్ఎస్ దగ్గర మనుషులు లేకపోతే కౌన్సిల్ ప్రైవేటు థెరపిస్టును పెట్టి డబ్బు కట్టాలి. బడ్జెట్ లేదన్న మాట ఇక్కడ చెల్లదు. స్కూలు కూడా "మా దగ్గర డబ్బు లేదు" అంటే అది స్కూలుకూ కౌన్సిల్‌కూ మధ్య లెక్క, నీది కాదు. నీ ఉత్తరం కౌన్సిల్‌కే వెళ్లాలి. ఎంతకీ కదలకపోతే జ్యుడిషియల్ రివ్యూ అన్న దారి కూడా ఉంది. దానికి ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితుల్లో మూడు నెలలు దాటకుండా కోర్టుకు వెళ్లాలి. చాలాసార్లు లాయరు రాసే మొదటి లేఖతోనే పని కదులుతుంది.

ఇంకొక్క సంగతి ప్లాన్ తెరిచి చూసుకో. "వారానికి ఒక గంట, అర్హత ఉన్న థెరపిస్టు చేత" అని ఉంటే నీ చేతిలో బలమైన కాగితం ఉన్నట్టు. "అవకాశం కల్పిస్తాం", "అవసరాన్ని బట్టి", "గరిష్ఠంగా ఇన్ని గంటలు" అన్న మాటలుంటే అడగడానికి పట్టు దొరకదు. ప్లాన్‌లోని సహాయం వివరంగా, నిర్దిష్టంగా, మామూలుగా అంకెలతో సహా ఉండాలని 2015 కోడ్ ఆఫ్ ప్రాక్టీస్ చెబుతోంది. బాబు ప్లాన్‌లో స్పీచ్ థెరపీ గంట స్పష్టంగా ఉంది, సంతోషం. కానీ ఆక్యుపేషనల్ థెరపీ దగ్గర "అవసరాన్ని బట్టి" అని నువ్వు చదివి వినిపించావు. దాన్ని ఫిర్యాదుతో సరిచేయించలేవు.

చాలామంది ఇక్కడే పొరపడతారు. ఇక్కడ తలుపులు వేరువేరు. పోస్టాఫీసు కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడినా రైలు టికెట్టు ఇవ్వరు కదా, ఇదీ అంతే. ప్లాన్‌లో రాసింది అందకపోతే ఫిర్యాదు. ప్లాన్‌లో రాసిందే నచ్చకపోతే, అసెస్‌మెంట్ చెయ్యడానికి నిరాకరించినా, ప్లాన్ ఇవ్వబోమన్నా, స్కూలు తప్పుగా పెట్టినా ప్రత్యేక విద్యా అవసరాల ట్రిబ్యునల్‌కి అప్పీలు. దాని గడువు కౌన్సిల్ ఉత్తరం మీదున్న తేదీ నుంచి రెండు నెలలు, లేదా మీడియేషన్ (మధ్యవర్తిత్వం) అడ్వైజరు ఇచ్చే సర్టిఫికెట్ వచ్చినప్పటి నుంచి ఒక నెల, ఏది తర్వాతైతే అది. స్కూలు పేరు ఒక్కదాని మీదే అప్పీలైతే మీడియేషన్ సర్టిఫికెట్ అవసరం లేదు. ఫిర్యాదుకు జవాబొస్తుందని ఎదురుచూస్తూ ఈ గడువు దాటబెట్టుకున్న తల్లిదండ్రులున్నారు. ఆ తర్వాత ఆంబడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే, "ఇది ట్రిబ్యునల్ చూడాల్సిన విషయం, మేము ముట్టుకోలేం" అంటారు. అటూ కాక ఇటూ కాక పోతుంది. 2022–23 విద్యా సంవత్సరంలో తీర్పు దాకా వెళ్లిన అప్పీళ్లలో 98 శాతం పూర్తిగానో కొంతమేరకో తల్లిదండ్రుల వైపే వచ్చాయి. ట్రిబ్యునల్ అంటే కోర్టు, లాయరు, వేల పౌండ్లు అనుకుని వెనక్కి తగ్గకు. ఫీజు లేదు, లాయరు లేకుండా వెళ్లేవాళ్లు బోలెడుమంది.

అప్పీలు గడువు ఇప్పటికే దాటి ఉంటే, బాబు ప్లాన్ మీద రాబోయే యాన్యువల్ రివ్యూలో "అవసరాన్ని బట్టి" అన్న మాట తీసి అంకె పెట్టమని రాతపూర్వకంగా అడుగు. మీటింగ్ జరిగిన నాలుగు వారాల్లోపు కౌన్సిల్ తన నిర్ణయం చెప్పాలి, మార్చదలచుకుంటే మొత్తం 12 వారాల్లోపు కొత్త తుది ప్లాన్ ఇవ్వాలి. మార్చము అన్నా, మార్చి సరిగ్గా రాయకపోయినా అప్పుడు నీకు అప్పీలు హక్కు వస్తుంది.

సోషల్ వర్కర్ సంగతికి మూడో తలుపు. నువ్వు అడిగింది షార్ట్ బ్రేక్స్, అంటే వారంలో కొన్ని గంటలు శిక్షణ పొందిన మనిషి బాబును చూసుకుంటే నువ్వు ఊపిరి తీసుకోవడం. అసెస్‌మెంట్ 45 పనిదినాల్లో పూర్తి కావాలి. దాని మీద ఫిర్యాదుకు కౌన్సిల్ మామూలు పద్ధతి కాక, పిల్లల సోషల్ కేర్‌కు చట్టం వేరే పద్ధతి పెట్టింది. మొదటి దశలో 10 పనిదినాల్లో జవాబివ్వాలి, చిక్కుంటే 20. తృప్తి కలగకపోతే రెండో దశ అడుగు. అందులో విచారణాధికారితో పాటు కౌన్సిల్‌కు సంబంధం లేని స్వతంత్ర వ్యక్తి ఒకరుంటారు. 25 పనిదినాలు గడువు, గరిష్ఠంగా 65. మూడో దశ స్వతంత్ర సభ్యుల ప్యానెల్. ఈ పద్ధతిలో సమయం పడుతుంది కానీ విచారణ లోతుగా జరుగుతుంది. కొన్ని కౌన్సిళ్లు దీన్ని తప్పించుకోవడానికి ఫిర్యాదును తమ మామూలు కార్పొరేట్ పద్ధతిలో పడేస్తాయి. ఆంబడ్స్‌మన్ దీన్ని తప్పుపట్టింది. కాబట్టి "చిల్డ్రన్ యాక్ట్ స్టాట్యుటరీ కంప్లెయింట్ ప్రొసీజర్ కింద చూడండి" అని మొదటే రాయి. మొదటి దశ జవాబు నచ్చకపోతే 20 పనిదినాల్లోపు రెండో దశ కోరాలన్న సంగతి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో.

షార్ట్ బ్రేక్స్‌కు డబ్బు లేదంటారేమో. అవసరం ఎంతో నిర్ణయించేటప్పుడు కౌన్సిల్ తన వనరులు చూసుకోవచ్చు. కానీ 1970 నాటి క్రానికల్లీ సిక్ అండ్ డిసేబుల్డ్ పర్సన్స్ యాక్ట్ కింద ఈ కుటుంబానికి ఈ సాయం అవసరమని ఒప్పుకున్నాక, డబ్బు లేదని ఆపడానికి వీల్లేదు. అందుకే అసెస్‌మెంట్ నివేదిక కాపీ చేతికి తీసుకో. అందులో "అవసరం" అని ఏ వాక్యంలో ఒప్పుకున్నారో గీత పెట్టు. నీ కోసం కూడా ఒక అసెస్‌మెంట్ అడుగు. వైకల్యమున్న బిడ్డను చూసుకునే తల్లిదండ్రుల అవసరాలను విడిగా చూడాలని చట్టంలో ఉంది. నిద్ర లేక నీ కళ్లు ఎలా గుంటలు పడ్డాయో నేను చూశాను. దాన్ని చెప్పుకోవడం నామోషీ కాదు.

టాక్సీ విషయంలో పద్ధతి వేరు, చిన్నది. నిర్ణయం వచ్చిన 20 పనిదినాల్లోపు రివ్యూ కోరు, ఆ తర్వాత ప్యానెల్‌కు అప్పీలు. వైకల్యం వల్ల నడిచి వెళ్లలేని, రోడ్డు మీద ప్రమాదమెరగని పిల్లవాడికి దూరం లెక్క ఒక్కటే చూడకూడదు. "మీకు కారుంది కదా" అన్నది కారణం కాదు. తల్లిదండ్రులు ఒప్పుకుంటే తప్ప వాళ్ల మీద ఆ భారం వెయ్యకూడదు. స్కూల్లో ఎవరైనా కటువుగా ప్రవర్తిస్తే ముందు స్కూలుకు, తర్వాత గవర్నర్లకు. ఎన్‌హెచ్ఎస్ క్లినిక్ తప్పైతే ఎన్‌హెచ్ఎస్‌కు. వాటిని కౌన్సిల్ ఉత్తరంలో కలపకు, కలిపితే అసలు విషయం పలచబడుతుంది.

కాగితం గురించి. కేస్ ఆఫీసరుతో ఫోనులో మాట్లాడిన ప్రతిసారీ అరగంటలోపు "ఇవాళ మనం మాట్లాడుకున్నది ఇది" అని రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టు. ఆ మనిషి ఉద్యోగం మారితే, ఇక్కడ తరచూ మారతారు, ఆ ఈమెయిల్ ఒక్కటే మిగులుతుంది. స్కూల్లో ప్రత్యేక అవసరాల పిల్లల సంగతి చూసే సెన్‌కోను అడిగి, థెరపీ జరిగిన రోజులు, జరగని రోజులు రాతలో తీసుకో. బాబు మీద కౌన్సిల్ దగ్గర ఏమేం రాసిపెట్టారో కావాలంటే సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టు, రుసుము లేదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. మీటింగులకు ఒంటరిగా వెళ్లకు. మీ ఆయన సెలవు పెట్టి రావాలి. ఆ గదిలో నాన్న కూర్చోకపోతే, అమ్మ ఒక్కతే గొడవపడుతోందన్న ముద్ర పడిపోతుంది. అది అన్యాయమే కానీ జరుగుతుంది. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలని ముందే అడుగు. మీ మరిదిని గానీ, ఊరి స్నేహితులను గానీ అనువాదానికి కూర్చోబెట్టకు. బాబు మలమూత్రాల సంగతులు, రాత్రి సంగతులు వాళ్ల ముందు నువ్వు నోరు విప్పి చెప్పలేవు.

ప్రతి కౌన్సిల్ ప్రాంతంలోనూ సెండియాస్ అని ఉచిత సలహా కేంద్రం ఉండాలి, చట్టమే చెప్పింది. ఇప్సియా, కాంటాక్ట్ అనే స్వచ్ఛంద సంస్థలు ఉత్తరాల నమూనాలతో సహా సాయం చేస్తాయి. వాళ్లకు ఫోన్ చెయ్యడానికి మొహమాటపడకు. ఒక్క జాగ్రత్త, వాళ్లు చెప్పేది ఇంగ్లండు చట్టం. మీ అన్నయ్య ఉంటున్న స్కాట్లాండ్‌లోనూ, వేల్స్‌లోనూ చట్టం వేరు, ఆంబడ్స్‌మన్ కూడా వేరు. అక్కడి స్నేహితుల సలహా ఇక్కడ పనికిరాదు.

కౌన్సిల్‌లో అన్ని దశలూ అయినా, లేక మామూలు ఫిర్యాదుకు తగినంత సమయం ఇచ్చినా సరైన జవాబు రాకపోతే అప్పుడు లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబడ్స్‌మన్. 1974 చట్టంతో వచ్చిన వ్యవస్థ అది, రుసుము లేదు. సమస్య తెలిసిన 12 నెలల్లోపు వెళ్లాలి. ఆంబడ్స్‌మన్ చూసేది కౌన్సిల్ తప్పు చేసిందా, దానివల్ల మీకు నష్టం జరిగిందా అన్నదే. తప్పు తేలితే క్షమాపణ చెప్పమంటారు, ఆగిన థెరపీ మొదలుపెట్టమంటారు, పద్ధతులు మార్చమంటారు. చదువు నష్టపోయిన పిల్లలకు టర్ముకు 900 నుంచి 2,400 పౌండ్ల దాకా ఇమ్మని సూచించడం వాళ్ల మార్గదర్శకాల్లో ఉంది. ఆ డబ్బుతో బాబు పోయిన నెలలు తిరిగిరావు, నాకూ తెలుసు. కానీ మీ కేసులో తప్పు తేలాక అదే కౌన్సిల్‌లో మిగతా పిల్లల ప్లాన్లు కూడా తిరగెయ్యమని ఆంబడ్స్‌మన్ అడగవచ్చు. నువ్వు ఎన్నడూ చూడని తల్లికి కూడా మేలు జరుగుతుంది.

ఉత్తరంలో కేస్ ఆఫీసరును తిట్టకు. 2023లో ఇంగ్లండు మొత్తం మీద కొత్త ప్లాన్లలో సగమే చట్టం చెప్పిన 20 వారాల గడువులో వచ్చాయి. ఆ కుర్చీలో కూర్చున్న అబ్బాయి నెత్తి మీద ఎన్ని ఫైళ్లున్నాయో ఊహించుకో. మనిషి మీద మర్యాద, విషయం మీద పట్టు, ఈ రెండూ కలిసి ఉండవచ్చు. ఆ అబ్బాయి ఏదైనా చేసి పెడితే థాంక్స్ చెప్పు. చెప్పాక కూడా మిగిలిన గంటలు అడుగు.

జవాబు ఆలస్యమైతే నిరుత్సాహపడకు. మొదటి జవాబు తరచుగా "మీ ఆందోళన అర్థమైంది" అన్న నాలుగు తీపి మాటలతో వస్తుంది, తేదీ మాత్రం ఉండదు. తేదీ లేని జవాబును జవాబుగా ఒప్పుకోకు. తర్వాతి దశకు తీసుకెళ్తున్నానని అదే రోజు రాయి.

ఈ ఆదివారం బాబు పడుకున్నాక నువ్వూ మీ ఆయనా బల్ల దగ్గర కూర్చోండి. ముందుగా ప్లాన్‌తో పాటు వచ్చిన కౌన్సిల్ లేఖ మీది తేదీ చూడండి. రెండు నెలలు ఇంకా దాటకపోతే, ఆక్యుపేషనల్ థెరపీ మీద అప్పీలు కోసం సోమవారం పొద్దున్నే మీడియేషన్ అడ్వైజరుకు ఫోన్ చెయ్యండి. ఫిర్యాదు ఉత్తరం ఆ తర్వాత.